షైనికి ఒక పేజీ

ఫోటోకి ఫ్రేము కట్టించాలి, దండ బంతిపూలది కాకుండా తెల్లపూలది తేవాలి, చర్చి వెనక గదిలోంచి మడత కుర్చీలు తీయించి దుమ్ము తుడిపించాలి, పాస్టరుగారికి వాక్యభాగం ఏదో ముందే చెప్పాలి, టీ కాయడానికి పెద్ద గిన్నె ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి, షైని వాళ్ళమ్మ సూసన్న ఆంటీ చేత రెండు ముద్దలైనా తినిపించాలి, షైని జీవిత సంగ్రహం రాసి డెబ్భై కాపీలు తీయించి అయిదింటికల్లా చర్చిలో ఉండాలి. పొద్దున్న ఇవన్నీ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. చెమటకి అక్షరాలు చెదిరిపోయాయి గానీ పనులు మాత్రం అయిపోయాయి, చివరిది తప్ప. ఇప్పుడు నాలుగు. గోల్‌బజార్‌లో జెరాక్స్ కొట్టులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. కరెంటు లేదు. మేం దాదా అని పిలిచే కొట్టాయన పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటూ, బొషున్ దీదీ, ఎఖునీ ఆష్‌బే అన్నాడు, కూర్చోండి ఇప్పుడే వచ్చేస్తుందని. అరగంట కిందా అదే అన్నాడు. నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది, ఎందుకంటే కరెంటు వచ్చినా మిషను మీద పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒళ్ళో ఉన్న కాగితానికి పైన ఆరు లైన్లు, కింద మూడు లైన్లు. మధ్యలో తెల్లగా ఉంది.

పైన ఆరు లైన్లకి ఆలోచించక్కర్లేదు. మావాళ్ళ జీవిత సంగ్రహాలన్నీ ఒక్కలాగే మొదలవుతాయి. ముత్తాత భీమిలి వైపు నుంచి బీఎన్నార్ రైల్వే కాలంలో ఒక ట్రంకుపెట్టెతో వచ్చి ఇక్కడి రైలు కార్ఖానాలో చేరడం, తరవాత తాత, తరవాత తండ్రి, ఫలానా తేదీన న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లో జననం, తెలుగు బడి, బాప్తిస్మం. కింద మూడు లైన్లూ అంతే, ఫలానా తేదీన ప్రభువునందు నిద్రించెను, పునరుత్థాన దినమున తిరిగి కలుసుకొందుమను నిరీక్షణతో, ఇట్లు కుటుంబ సభ్యులు. పోయినవాళ్ళ కోసం చర్చిలో జరిపే ఆదరణ కూడికలో ఎవరో ఒకరు లేచి ఈ కాగితం చదవాలి, అది చదివితే గాని మావాళ్ళకి మనిషిని సరిగ్గా సాగనంపినట్టుండదు. పదో తరగతి నుంచి ఆ కాగితాలు నేనే రాస్తున్నాను, ఇప్పటికి పదకొండు. మా నాన్న కార్ఖానాలో ఖలాసీ, మా ఇంటి మొత్తంలో కాలేజీ గడప తొక్కింది నేనే, అందుకని ఎవరు పోయినా ముందు నాన్నకి కబురు వస్తుంది, మీ తబిత చేత రెండు ముక్కలు రాయించమని. మగవాళ్ళకి రాయడం తేలిక. ఏ సంవత్సరం చేరారు, ఏ షెడ్డులో ఫిట్టరయ్యారు, ఎప్పుడు రిటైరయ్యారు, అక్కడికే ముప్పావు పేజీ నిండిపోతుంది. ఆడవాళ్ళకి పిల్లలు, అల్లుళ్ళు, స్త్రీల సమాజం, మూడుసార్లు బైబిలు మొదటినుంచి చివరిదాకా చదవడం. షైనికి ఇరవయ్యారేళ్ళు. పెళ్ళి లేదు, ఉద్యోగం లేదు, ఇంటర్ తరవాత చదువు లేదు. ఎనిమిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి పాడైంది, అప్పటినుంచి మెట్లెక్కితే ఆయాసం, చలికాలం వస్తే మంచం. వాళ్ళమ్మానాన్నలకి ఒక్కతే. పోయి ఈరోజుకి నలభై రోజులు.

పొద్దున్న ఎంత తప్పు చేశానో. టైము లేదని ఫోనులో పాత కాగితం ఒకటి తీసి పేరూ తేదీలూ మార్చాను, పోయినేడాది క్రిస్టోఫర్ అంకుల్‌కి రాసింది, అది బాగా కుదిరిందని అందరూ అన్నారు. మార్చిందాన్ని సూసన్న ఆంటీకి చదివి వినిపించడం మొదలెట్టాను. ఆవిడ వంటింటి గుమ్మంలో చింతపండు పిసుకుతూ వింటోంది. నేను ధారాళంగా చదువుకుంటూ పోయి, "నిమ్‌పురా యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు ఏ మచ్చా లేకుండా సేవ చేసి" అని చదివేశాను. చదివాక గాని తెలియలేదు. ఆంటీ నా మొహం కేసి చూసి నవ్వింది. నలభై రోజుల్లో మొదటిసారి నవ్వింది, చింతపండు చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మరీ. "మా షైనా? మెట్లెక్కనేనిది ఇంజిను ఎక్కినాదా?" అని. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో. ఆంటీ నవ్వు అలాగే ఉండి ఉండి ఏడుపైపోయింది. తరవాత చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది, మరి ఆ లైను తీసేస్తే అక్కడేం పెడతావని. మళ్ళీ ఆవిడే అంది, "నర్సింగు సదివినాదని రాయమ్మా. రెండేళ్ళు సదివి ఒంట్లో బాగోక మానీసినాదని. ఎవులు అడుగుతారు? ఏటీ నేకుండా ఎలగ సదువుతావు, అందరి ముందర?"

ఎవరూ అడగరు, అది నిజమే. సగంమందికి షైని ఇంట్లోనే ఉండేదని తెలుసు, అయినా తలలూపుతారు, చావు కాగితంలో మాటని ఎవరూ పట్టి చూడరు. అసలు క్రిస్టోఫర్ అంకుల్‌కి మచ్చ లేకపోవడమేమిటి, రెండుసార్లు సస్పెండయ్యారు, తాగి. నేనే రాశాను మచ్చ లేకుండా అని, రాసినందుకు వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడు కదలని మనసు ఇప్పుడెందుకు మొరాయిస్తోంది? ఒక తల్లి అడిగింది, ఒక్క లైను, రాసిపడేస్తే ఆవిడ ఈ సాయంత్రం తలెత్తుకుని కూర్చుంటుంది. రాయి తబితా. పెన్ను పెట్టాను. న అని రాశాను. ఆ న దగ్గరే అరగంటయ్యింది. దాదా అటువైపు తిరిగి ఎవరితోనో ఫోనులో సుభాష్‌పల్లిలో కరెంటుందట, ఇక్కడే లేదట అని విసుక్కుంటున్నాడు. కార్ఖానా సైరను మోగి ఆగింది. ఇంకాసేపట్లో డ్యూటీ దిగినవాళ్ళ సైకిళ్ళన్నీ ఇటే వస్తాయి.

రాయడానికి షైని గురించి ఏం గుర్తొస్తుందా అని కళ్ళు మూసుకుంటే గొడుగుల కొట్టే గుర్తొస్తుంది, అదేమన్నా చర్చిలో చెప్పే సంగతా. జపాను బొమ్మల సీరియల్. దాని అసలు పేరు మా నోట పలకదు, మేం పెట్టుకున్న పేరు గొడుగుల కొట్టు. కొండమీది చిన్న ఊళ్ళో ముగ్గురు అమ్మాయిలు పాత గొడుగులు బాగుచేసే కొట్టు చూసుకుంటారు, అంతే, ఇంకేం జరగదు. ఒక ఎపిసోడ్ మొత్తం వాన ఆగుతుందేమో అని చూరు కింద నిలబడతారు, ఆగదు, తడుస్తూ ఇంటికెళ్తారు, అయిపోయింది. ఇంకోదాంట్లో కాల్చిన చిలగడదుంప ఒకటి ముగ్గురు పంచుకోవాలి, సమంగా రాదు, దాని గురించి ఇరవై నిమిషాలు. వాళ్ళ పేర్లూ మాకు పలకవు, అందుకని పొట్టిది, కళ్ళజోడుది, ఆవలింతలది. షైనికి ఇంగ్లీషు కూడబలుక్కుంటే వచ్చు గాని తెర కింద వచ్చే అక్షరాలు అది చదివేలోపే మాయమైపోయేవి, కాబట్టి నేను చదివి చెప్పేదాన్ని. శనివారాలు మధ్యాహ్నం, వాళ్ళ క్వార్టర్ వెనక వరండాలో, ఫోను చెంబుకి ఆనించి. జపాను పిల్లలు నా గొంతుతో మా యాసలో మాట్లాడేవారు. ఏటే పొట్టీ గొడుగు తేనేదా, తెచ్చినానే గానీ అదీ చిల్లే, ఠీక్ హై పద తడుద్దాం. వాళ్ళు అన్నదొకటి, నేను చెప్పిందొకటి కూడా ఉండేది. ఆవలింతలది అసలు ఎప్పుడూ అంత వెటకారం కాదు, ఆ వెటకారం నాది. ఒకరోజు షైనికి అనుమానం వచ్చి ఫోను ఆపి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "దొంగమొగమా, అదక్కడ గుడ్ మార్నింగ్ అంది. నువ్వు దానికి నాలుగు మాటలు కలిపీసినావు." కోపం వస్తుందనుకున్నాను. కలుపు కలుపు, బాగుంది అంది.

నాకు మొదట్లో విసుగే. మా ఇంట్లో సినిమా అంటే మా నాన్నకి ఎవరో ఒకరు గెలవాలి, అమ్మకి ఎవరో ఒకరు ఏడవాలి. నేనూ చదువుకున్నదాన్ని కదా, ప్రతిదానికీ ఒక ఫలితం ఉండాలి, చదివితే ర్యాంకు, రాస్తే మార్కు. మూడో శనివారమో నాలుగోదో అడిగేశాను, దీంట్లో కథ ఎక్కడుందే, ఎప్పుడు మొదలవుతుంది అని. షైని జామకాయ కోస్తోంది. తలెత్తలేదు. "కథ ఎందుకే. ఆళ్ళు ఉన్నారు కదా." అదేం జవాబు. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఈ స్టూలు మీద తిప్పి తిప్పి చూస్తున్నాను, ఏమన్నా అర్థం ఉందా, లేక జామకాయ మీద ధ్యాసతో ఊరికే అందా. ఊరికే అన్నదాన్ని నేను ఇప్పుడు పెద్ద మాట చేస్తున్నానేమో, పోయినవాళ్ళ మాటల్ని మనం అలాగే చేస్తాం. తెలియడం లేదు. కానీ చూస్తూ చూస్తూ ఏదో అయ్యింది, అదెప్పుడో చెప్పలేను. శుక్రవారం సాయంత్రం వచ్చేసరికి కళ్ళజోడుదానికి జలుబు తగ్గిందా అని అనిపించేది. బొమ్మ. గీసిన బొమ్మ జలుబు. ఆ కొట్టులో వాళ్ళు టీ తాగుతుంటే నాకు ఇంకెక్కడికీ వెళ్ళాలనిపించేది కాదు, ఎవరూ ఎవరినీ ఏమీ నిరూపించమనని చోటది. మా ఇంట్లో నేను ఏదో ఒకటి కావలసిన మనిషిని. షైని పక్కన, ఆ చెంబు ముందు, కానక్కర్లేదు. ఇదేమో పెద్ద రహస్యం అన్నట్టు ఇప్పుడు రాస్తున్నాను గాని అప్పుడు నాకు తెలిసింది వరండా చల్లగా ఉండేదని మాత్రమే.

మరైతే ఎందుకు మానేశాను. మానేశానని కూడా కాదు, ఉద్యోగం వచ్చింది. మిడ్నాపూర్‌లో ప్రైవేటు బడి, పొద్దున్న లోకల్ రైలు, కాసాయి నది వంతెన మీద బండి వెళ్తుంటే నిలబడే పిల్లల కాపీ పుస్తకాలు దిద్దడం, శనివారం కూడా బడి, ఆదివారం చర్చి. షైనిని చర్చిలో చూసేదాన్ని. బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళం. గొడుగుల కొట్టు రెండో భాగం వచ్చిందని ఒకసారి చెప్పింది, ఫోనులోకి దించి ఉంచానంది. చూసెయ్యవే అన్నాను. అది నేను చేసిన తప్పా, కాదా? మంచి మాటే అన్నాననుకున్నాను, నా కోసం ఆగొద్దని. తను చూడలేదు. ఏడాది పైన అలాగే ఉంచింది. చలికాలంలో ఆసుపత్రి మంచం మీద ఉండగా వెళ్తే, ఇంకా చూడలేదా అన్నాను. నువ్వు చెప్పకపోతే వాళ్ళు నిజంగానే జపాను భాషలో మాట్లాడతన్నారే, అంది, అదో పెద్ద ఫిర్యాదులాగ. ఇంటికి రా, చూద్దాం అన్నాను. వాచీ చూసుకున్నాను, అది నాకు గుర్తుంది, ఆరుంపావు లోకల్‌కి మా హెడ్‌మిస్ట్రెస్ వస్తారు, స్టేషనులో ఆవిడకి ఏదో కాగితం ఇవ్వాలి. ఏం కాగితమో గుర్తులేదు.

పోయినవారం నేను ఒక్కదాన్నే ఆ రెండో భాగం పెట్టుకుని చూశాను. తప్పు తీరుతుందనో ఏమో. ఇంగ్లీషు అంతా అర్థమైంది, ఒక్క ముక్క పోలేదు. కానీ వాళ్ళు ముగ్గురూ ఎవరో పిల్లలు. గొడుగులు కుట్టుకుంటున్నారు. పది నిమిషాలకి నిద్రొచ్చింది. అప్పటినుంచి ఇదొక్కటే బుర్రలో తిరుగుతోంది: నేను ఇన్నాళ్ళూ చూసింది దేన్ని? తెరనా, తెర చూస్తున్న షైనినా? వాళ్ళ స్నేహం నాకు నచ్చిందా, దాన్ని చూస్తూ పక్కన ఒక మనిషి జామకాయ ముక్క నా వైపు తోసెయ్యడం నచ్చిందా? మేం స్నేహితులమని మేమెప్పుడూ అనుకోలేదు, ఒకళ్ళకొకళ్ళు ఏమీ చెప్పుకోలేదు, నా ఉద్యోగం సంగతి తను మా అమ్మ ద్వారా విన్నది. ఇంతకంటే దగ్గరగా నా జీవితంలో ఎవరున్నారు అంటే ఎవరూ లేరు. ఇంత తక్కువ దగ్గరా? లేక దగ్గరంటే ఇంతేనా? బీఏలో ఇలాంటిది ఎవరూ అడగలేదు.

కాగితం మీద ఆ న అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే ఒకటి మాత్రం తెలిసింది, మిగతావి తెలియకపోయినా. నర్సింగు అని రాస్తే సాయంత్రం డెబ్భైమంది గుర్తుపెట్టుకునేది ఇంకొక అమ్మాయిని. తెల్ల యూనిఫాం వేసుకుని రెండేళ్ళు హాస్టల్లో ఉన్న పిల్లని. నేను ఆ పిల్లనెప్పుడూ చూడలేదు. ఆ పిల్ల కోసం అందరూ తల వంచి ప్రార్థన చేస్తుంటే షైని ఎక్కడ కూర్చుంటుంది? న కొట్టేశాను. కొట్టేసి, ఏది వస్తే అది రాశాను. వాన మొదలవగానే బట్టలు తీసేది, పక్కింటివి కూడా. ఆయాసం వచ్చినా తీసేది. జామకాయ కోస్తే పెద్ద ముక్క ఎదుటివాళ్ళ వైపు తోసి చూడనట్టు ఉండేది. ఫోనులో బొమ్మల సీరియల్ చూసేది, దాంట్లో ఎవరికైనా జలుబు చేస్తే బాధపడేది. రాసింది చదువుకుంటే నవ్వులాటగా ఉంది. చర్చిలో, మైకులో, పాస్టరుగారి పక్కన నిలబడి, జామకాయ. ఆంటీకి చెప్పకుండా ఇది చదివితే అది వెన్నుపోటే. ఫోను చేశాను.

"ఆంటీ, నర్సింగు రాయలేదు" అన్నాను. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మరేటి రాసినావు?"

చదివాను. నాలుగు లైన్లే. అయ్యాక లైను కట్టయ్యిందేమో అని ఫోను చెవి నుంచి తీసి చూశాను. తెర మీద నిమిషాల లెక్క నడుస్తూనే ఉంది. తప్పయిపోయింది, నర్సింగే రాసేస్తానని చెప్పబోయాను.

"ఉప్పు రాసినావా?" అంది ఆంటీ.

ఏ ఉప్పని అడిగాను.

"కూర దింపకముందే వాసన సూసి సెప్పీసేది. అమ్మా, ఉప్పు సాల్నేదు అని. నాలికకి తగిలించకుండానే. నాను ఒప్పుకునీదాన్ని కాదు, వాసనకి ఉప్పేటే అనీదాన్ని. ఏసి సూస్తే అదే నిజం. రోజూ అదే గెలిసీది." ఊపిరి తీసుకుంది. "రాసుకుంతన్నావా?"

రాస్తున్నానన్నాను. స్టూలు మీంచి దిగి, కాగితం కౌంటరు మీద పెట్టుకుని, వంగి. ఇంక ఆవిడ ఆగలేదు. వాళ్ళ నాన్న సైకిలు బెల్లుని వందమందిలో గుర్తుపట్టేదట, డ్యూటీ దిగి వీధి మలుపు తిరగ్గానే పొయ్యి మీద టీ పెట్టేసేదట. ఎదురింటి ముసలమ్మకి రోజూ మాత్రలు రంగుల వారీగా విడదీసి పెట్టేదట, అది నాకు తెలియదు. ఆయాసం వచ్చిన రాత్రి వాళ్ళమ్మ లేవకూడదని దిండు నోటికి పెట్టుకుని దగ్గేదట. అది రాయొద్దులే అంది, మళ్ళీ వెంటనే, కాదు రాయి అంది. నేను లైన్లమధ్య లైన్లు ఇరికించాను, తెల్లగా ఉన్నదంతా నల్లబడి అంచు దాకా వెళ్ళి పక్కకి తిరిగింది. ఇంకేదో చెప్పబోయి ఆంటీ ఆగింది.

"ఇయ్యన్నీ సదివితే నవ్వరా అమ్మా?"

"నవ్వుతారేమో ఆంటీ."

"నవ్వనీలే" అంది, ఫోను పెట్టేసింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను ఒక్క ఊపుతో కాగితాలన్నీ లేపింది, దాదా రెండు చేతులతో పట్టుకున్నాడు. నా పేజీని మిషను అద్దం మీద బోర్లించబోతూ ఆగి చూశాడు, తెలుగు చదవడం రాదు గాని కొట్టివేతలూ పక్కకి తిరిగిన లైన్లూ కనపడతాయి కదా. ఎటా కీ దీదీ, గొల్పో? అన్నాడు, ఇదేంటి, కథా అని. "ఒక అమ్మాయి, దాదా" అన్నాను. ఆయన మూతని మామూలుగా కన్నా నెమ్మదిగా వేశాడు. నాలుగూ ముప్పావు. పచ్చటి వెలుతురు అద్దం కింద ఇటునుంచి అటు వెళ్ళి మొదటి కాపీ వెచ్చగా బయటికి వచ్చింది. పెన్ను తీసి దాని అడుగున ఇంకో మూడు మాటలు రాద్దామనుకున్నాను, చోటు లేదు. కాబట్టి అవి ఇక్కడ, ఇది చదివే మీకు, రాస్తున్నాను. నేను షైనికి మంచి స్నేహితురాలినో కాదో నాకు ఇంకా తెలియదు, ఆ సంగతి తేలాక రాద్దామంటే ఎప్పటికీ రాయలేను. మీరు తనని చూడలేదు, మీకు తను ఏమీ కాదు. అయినా మిమ్మల్నే అడుగుతున్నాను. పేరు షైని, న్యూ సెటిల్‌మెంట్, తెలుగు చర్చి వెనక వరసలో చివరి క్వార్టర్. గుర్తుపెట్టుకోండి.